ఎనిమిది రోజుల ఇటలీలో పగళ్ళు ఎన్ని?

దసరా సెలవులకి ఇటలీ వెళ్దామనుకుంటున్నామని మా చిన్నాన్న కొడుకు ఒక ఎక్సెల్ షీట్ పంపాడు. "ఒక్కసారి చూసి పెట్టక్కా, ఏమైనా మిస్సయ్యామా?" అని అడిగాడు. వెళ్ళేది నలుగురు. వాడు, మా మరదలు, ఆరేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న పిన్ని. రోమ్‌లో రెండు రాత్రులు, దారిలో పీసా చూసుకుని ఫ్లోరెన్స్‌లో ఒకటి, వెనిస్‌లో ఒకటి, కోమో సరస్సు కలుపుకుని మిలాన్‌లో ఒకటి, అక్కణ్ణుంచి స్విట్జర్లాండ్ వెళ్ళి ఇంటర్‌లాకెన్‌లో రెండు, జ్యూరిక్‌లో తిరుగు విమానం. గంటకో గడి, ఊరికో రంగు. ఎంతో ఓపికగా చేశాడు. దాంట్లో మిస్సయింది ఏదీ లేదు. నాకు దిగులు పుట్టించింది కూడా అదే.

చిన్న ట్రిప్ ప్లాన్ అనగానే మనం చూడాల్సిన చోట్లు రాసుకోవడంతో మొదలుపెడతాం. ఆ పద్ధతే సరైంది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ముందు చేతిలో ఎన్ని పగటి గంటలున్నాయో లెక్క తేల్చుకోవాలి. అందులో పట్టనివాటిని ఇక్కడ ఇంట్లో కూర్చునే కొట్టేయాలి. ఇక్కడ కొట్టేయకపోతే అక్కడ అవి ఎలాగూ కొట్టుకుపోతాయి. అప్పుడు ఏది పోవాలో మన చేతిలో ఉండదు.

గంటన్నర రైలుకి ఎంతసేపు పడుతుంది?

రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కి ఫాస్ట్ రైల్లో గంటన్నర. షీట్‌లో వాడు రెండు గంటలు ఇచ్చాడు. అరగంట ఎక్కువే ఉంచానన్నాడు. ఆ గంటన్నరకి అటూ ఇటూ ఏమేం ఉంటాయో నేను రాసి పంపాను.

ముందు రాత్రి సగం సర్దేసినా, పొద్దున్నే ఛార్జర్లు, పాప బొమ్మ, పిన్ని మందుల డబ్బా, ఇంకా ఆరని బట్టలు. టిఫిను. కౌంటర్ దగ్గర బిల్లు, దానిమీద మనిషికి ఇంతని సిటీ టాక్స్. నలుగురూ నాలుగు పెట్టెలూ పట్టే టాక్సీ. రోమ్ పాత వీధుల్లో పరిచిన నల్లరాళ్ళ మీద పెట్టె చక్రాలు సాఫీగా దొర్లవు, చాలాచోట్ల చేత్తో ఎత్తుకోవాల్సిందే. టెర్మినీ స్టేషన్లో ప్లాట్‌ఫారం నంబరు బోర్డు మీద పడేది రైలు బయల్దేరే ముందే, కాబట్టి అరగంట ముందు వెళ్ళి తలెత్తుకుని నిలబడాలి. ఫ్లోరెన్స్‌లో దిగి హోటల్‌కి వెళ్తే గది మధ్యాహ్నం రెండో మూడో అయ్యేదాకా ఇవ్వరు. పెట్టెలు వాళ్ళ దగ్గర పెట్టి భోజనం వెతుక్కోవాలి. పొద్దున ఏడింటికి లేచిన కుటుంబం కుదురుగా ఏదైనా చూడ్డం మొదలుపెట్టేసరికి మూడు దాటుతుంది. అక్టోబరు మధ్యలో అక్కడ ఆరున్నరకల్లా పొద్దు వాలిపోతుంది.

అంటే ఊరు మారిన ప్రతిసారీ ఒక పూట పైనే పోతుంది. వాడి షీట్‌లో ఊరు మారడాలు నాలుగు. మొదటి రోజు తెల్లవారుజామున హైదరాబాద్‌లో ఎక్కి, గల్ఫ్‌లో మారి, మధ్యాహ్నం రోమ్‌లో దిగడం. 2025 అక్టోబరు నుంచి యూరప్ సరిహద్దుల్లో కొత్త ఎంట్రీ ఎగ్జిట్ విధానం మొదలైంది, ముఖం ఫొటోలూ అవీ తీసుకుంటారు, ఆ క్యూకి కూడా టైమ్ ఉంచాలి. ఎయిర్‌పోర్ట్ నుంచి టెర్మినీకి ఎక్స్‌ప్రెస్ రైలు 32 నిమిషాలే, కానీ హోటల్ గదిలో కాళ్ళు చాపుకునేసరికి సాయంత్రం. మన ఒంటికి అప్పటికి రాత్రి, మూడున్నర గంటలు ముందుంటాం కదా. చివరి రోజు ఇంటర్‌లాకెన్ నుంచి జ్యూరిక్ విమానాశ్రయానికే రెండు గంటల పైన రైలు. ఎనిమిది రోజుల్లో ఆ రెండూ పోతే ఆరు. నాలుగు మార్పులకి నాలుగు పూటలు పోతే నాలుగు. అందులో ఒకరోజు వాన పడొచ్చు, పాపకి జ్వరం రావొచ్చు. మూడు పగళ్ళే మిగిలాయి. షీట్‌లో ఉన్న చోట్లు ఇరవైకి పైనే.

ఈ లెక్క పంపాక వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మరి అందరూ ఎలా వెళ్ళొస్తున్నారక్కా?" అన్నాడు. ఆ ప్రశ్నకి తర్వాత వస్తాను.

తేదీ పక్కన వారం రాయాలి

షీట్‌లో తేదీలున్నాయి, వారాలు లేవు. ఇటలీకి ప్లాన్ వేసేటప్పుడు ఇది చాలా పెద్ద లోటు. వాటికన్ మ్యూజియంలు ఆదివారం మూసేస్తారు, నెలలో చివరి ఆదివారం మాత్రం కాసేపు ఉచితంగా తెరుస్తారు, ఆ రోజు జనం విపరీతం. బుధవారం పొద్దున పోప్ ఊర్లో ఉంటే ప్రజలకి దర్శనమిస్తారు, ఆ పూట సెయింట్ పీటర్స్ చర్చిలోకి మామూలు సందర్శకులు వెళ్ళడం కష్టం. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ చిత్రశాల, డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియా రెండూ సోమవారం సెలవు. రోమ్‌లో బోర్గేజె గ్యాలరీ కూడా అంతే, పైగా అక్కడ ముందుగా స్లాట్ తీసుకోకపోతే లోపలికి రానివ్వరు. మావాడు ఫ్లోరెన్స్‌కి ఇచ్చిన ఒక్క రోజు సోమవారమే అయింది.

రెండోది టికెట్లు. కొలోసియం టికెట్ మీద పేరుంటుంది, గుర్తింపు కార్డుతో సరిపోవాలి, అధికారిక సైట్లో 30 రోజుల ముందు మాత్రమే అమ్మకానికి వస్తుంది. ఇటలీతో పాటు చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే షెంగెన్ వీసాకేమో ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, రోజువారీ ప్లాన్, హోటల్ బుకింగ్‌లు అప్పుడే చూపించాలి. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, కొన్నిసార్లు 45 దాకా పడుతుంది. కాబట్టి వీసా కోసం రాసిన ప్లాన్, వీసా వచ్చాక దొరికే టికెట్ల స్లాట్లు ఒకదానికొకటి సరిపోతాయన్న నమ్మకం లేదు. ఒక ఊర్లో నాలుగు రాత్రులుంటే మంగళవారం దొరకని స్లాట్ గురువారం దొరుకుతుంది. రెండే రాత్రులుంటే దొరకలేదంతే. నేను తక్కువ ఊర్లు పెట్టుకోమని పోరేది సోమరితనం కొద్దీ కాదు. ప్లాన్ కాస్త అటూ ఇటూ కదలడానికి చోటు ఉండాలని.

మూడోది షీట్‌లో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన గడి. "వాటికన్, 9 నుంచి 11." మ్యూజియంల ద్వారం నుంచి మైకెలాంజెలో పైకప్పు చిత్రాలున్న సిస్టీన్ చాపెల్ చేరడానికే గదుల వెంట గదులు, హాళ్ళ వెంట హాళ్ళు నడవాలి. జనంతో పాటు అడుగులో అడుగు వేయాలి. బయటికొచ్చాక సెయింట్ పీటర్స్ చర్చికి మళ్ళీ గోడ చుట్టూ నడక, మళ్ళీ సెక్యూరిటీ క్యూ. ప్రవేశం ఉచితమే కానీ ఆ క్యూ ఉచితం కాదు, పిన్ని మోకాళ్ళు కడతాయి దాని ధర. అక్కడికి ఒక పూర్తి పూట. ఆ మధ్యాహ్నం ఇంకేమీ పెట్టకూడదు. రోజుకి టైమ్ రాసున్న టికెట్ ఒక్కటే ఉండాలి. ఇంత మంకుపట్టు అవసరమా అని మా మరదలు అడిగింది. అవసరమే. రెండో టికెట్ ఉన్న రోజు మొదటిదాన్ని గడియారం చూసుకుంటూ చూస్తాం.

ఎవరికి ఏం కావాలి?

షీట్ పక్కనపెట్టి వాడికి ఒక పని చెప్పాను. ఇంట్లో నలుగుర్నీ విడివిడిగా అడుగు, ఒక్కటే చెప్పమను. మర్నాడు జవాబులొచ్చాయి. పిన్ని, "మొన్న పోప్‌ని ఎన్నుకున్నప్పుడు టీవీలో పొగ చూపించారే, ఆ చర్చి" అందట. పాప పడవ ఎక్కాలంది. మా మరదలికి చిన్నప్పట్నుంచీ వెనిస్ ఊరి మీద మనసు. వాడికి కొలోసియం.

పీసా ఎవరూ అనలేదు. మిలాన్ అనలేదు. కోమో సరస్సు పేరు మరదలికి తెలియనే తెలియదు. స్విట్జర్లాండ్ ఎవరి కోరికరా అని అడిగితే "ఆఫీసులో వెళ్ళినవాళ్ళంతా రెండూ కలిపే వెళ్తారక్కా" అన్నాడు. ఇవన్నీ కలిపి డబ్బులో, రోజుల్లో సగానికి దగ్గరగా తినేస్తున్నాయి, నలుగురిలో ఒక్కరు కూడా కోరుకున్నవి కావు. దీన్ని చూసి వాడే ఎక్కువ ఆశ్చర్యపోయాడు.

స్విట్జర్లాండ్ మీద నాకు కోపం లేదు. యుంగ్‌ఫ్రావ్‌యోక్ కొండ రైలు స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తున ఉంటుంది, మబ్బులేని రోజున ఆ మంచు చూస్తే జన్మకి చాలు. కానీ మబ్బు పడితే పైకెళ్ళి తెల్లటి గోడ చూసి దిగిరావాలి, టికెట్ రెండు వందల ఫ్రాంకుల పైన ఉంటుంది. అందుకే అక్కడ నాలుగైదు రోజులు మకాం వేసి, పొద్దున్నే కొండ మీది కెమెరా దృశ్యం టీవీలో చూసి, బాగున్న రోజు బయల్దేరేవాళ్ళకే ఆ డబ్బు దక్కుతుంది. రెండు రాత్రుల్లో, ముందే ఖరారు చేసుకున్న ఒక్క పూటలో అయితే అది లాటరీ. పిన్ని వయసులో అంత ఎత్తుకి ఒక్కసారిగా వెళ్ళడం గురించి డాక్టరుని కూడా అడగాలి. మంచు కావాలనుకుంటే ఇటలీ మానేసి అక్కడికే వెళ్ళమన్నాను.

మళ్ళీ వెళ్తామా?

ఇప్పుడు నా వాదనకి ఎదురయ్యే అసలు మాట. "మిగతావి ఇంకోసారి చూసుకోండి" అని చెప్పడం, కావాలనుకున్నప్పుడు టికెట్ కొనుక్కుని ఎక్కేవాళ్ళకి సులువు. మన సంగతి వేరు. మనిషికి 90 యూరోల వీసా ఫీజు, దానిమీద సర్వీసు చార్జీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆఫీసు లెటరు, 30,000 యూరోల ఇన్సూరెన్స్, వేలిముద్రల అపాయింట్‌మెంట్ కోసం తెల్లవార్లూ స్క్రీన్ ముందు కాపలా. ఇదంతా అయ్యాక కూడా వస్తుందో రాదో తెలియదు. పిన్ని "నాకిదే మొదలు, ఇదే ఆఖరు" అంటోంది. అలాంటి మనిషిని ఇటలీ దాకా తీసుకెళ్ళి పీసా చూపించకుండా తీసుకురావడం న్యాయమేనా అని వాడి బాధ. అది అత్యాశ అని నేను అనను, అనలేను.

మా మేనమామ ఒకాయన రిటైరయ్యాక గ్రూప్ టూర్‌లో యూరప్ మొత్తం తిరిగొచ్చాడు. ఆల్బమ్ చూపిస్తూ ఒక ఫొటో దగ్గర ఆగి, ఈ చర్చి ఏ ఊర్లోదో ఆయనకీ అత్తయ్యకీ కుదరలేదు. ఆయన కొలోన్ అంటాడు, ఆవిడ మిలాన్ అంటుంది. కానీ ఇద్దరూ ఆ ట్రిప్ గురించి ఇప్పటికీ ఎంత మురిపెంగా మాట్లాడతారో చెప్పలేను. ఆయన దేశాల పేర్లు వేళ్ళమీద లెక్కపెడుతుంటే మొహంలో వెలుగు కనిపిస్తుంది. ఆ వెలుగు అబద్ధం కాదు. ఏ ఊరో గుర్తులేనంత మాత్రాన చూడనట్టేనని చెప్పడానికి నేనెవర్ని?

చాలా రోజులు ఆలోచించినా నా అభిప్రాయం మారలేదు. కారణం మా అమ్మ.

అమ్మతో ఫ్లోరెన్స్‌లో ఉన్నప్పుడు ఒక సాయంత్రం మాకు ఏ టికెట్టూ లేదు. పాత మునిసిపల్ భవనం ముందు చౌకులో, మూడు పెద్ద కమానుల మంటపం ఒకటుంది, లోజ్జా దెయి లాంజీ అంటారు. టికెట్ లేదు, ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. చుట్టూ విగ్రహాలు. అమ్మ కాళ్ళు లాగేస్తున్నాయని లోపలి రాతి అరుగు మీద కూర్చుంది. ముందువైపు చెల్లీనీ అనే శిల్పి చేసిన, గ్రీకు కథల వీరుడు పెర్సియస్ కంచు విగ్రహం, 1554 నాటిది. ఎడమచేత్తో మెడూసా తల ఎత్తి పట్టుకుని ఉంటాడు, కాళ్ళ కింద ఆమె మొండెం. తెగిన మెడ నుంచి కారే రక్తాన్ని కూడా కంచులోనే పోశారు. అమ్మ దాన్ని చాలాసేపు చూసి, "పాపం, ఏం చేసిందట ఆ పిల్ల?" అంది. నాకు తెలిసిన కథ చెప్పాను. సముద్రదేవుడు ఆమెని గుడిలో చెరిచాడు, గుడి మైలపడిందని దేవత ఆమెనే శపించింది, ఆమె చూపు పడ్డవాళ్ళు రాళ్ళైపోయేవాళ్ళు, వీడొచ్చి తల నరికాడు. అమ్మ కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన అహల్య తనే రాయైంది. ఈ పిల్ల చూసినవాళ్ళని రాళ్ళు చేసింది. తప్పు చేసినవాడికి మాత్రం అక్కడ ఏమీ కాలేదన్నమాట" అంది.

నేను ఆ విగ్రహం గురించి చదివినవాటిలో ఏదీ నాకు ఇంత చెప్పలేదు. అమ్మ ఇప్పటికీ ఎవరైనా ఇటలీ మాట ఎత్తితే ఆ కథే చెబుతుంది. ఆ సాయంత్రం మా ప్లాన్‌లో కొండ మీది మైకెలాంజెలో చౌకు దగ్గర సూర్యాస్తమయం ఉండి ఉంటే, ఐదు నిమిషాలు ఫొటో తీసుకుని బస్సు కోసం పరుగెత్తేవాళ్ళం. మళ్ళీ రాలేని మనిషికే అలాంటి ఖాళీ గంట ఎక్కువ అవసరం. మళ్ళీ వచ్చేవాళ్ళు ఆ కూర్చోవడమేదో ఇంకోసారి కూర్చుంటారు.

నాలుగూ మూడూ

చివరికి నేను చెప్పింది రోమ్‌లో నాలుగు రాత్రులు, వెనిస్‌లో మూడు. రోమ్‌లో దిగడం, వెనిస్‌లో ఎక్కడం. అలా రెండు ఊర్లకి టికెట్ తీస్తే వెనక్కి ప్రయాణం తప్పుతుంది, ధరలో పెద్ద తేడా ఉండకపోవచ్చు, వెతికి చూసుకోవాలి. రెండింటి మధ్య నేరుగా వెళ్ళే రైలు నాలుగు గంటలు.

దీంట్లో నా మనసుకి కష్టమైన సంగతి ఫ్లోరెన్స్ పోవడం. నా ఒక్కదాని ఇష్టమే అయితే వెనిస్ కొట్టేసి ఫ్లోరెన్స్ ఉంచేదాన్ని. ఊరు చదునుగా ఉంటుంది, స్టేషన్ నుంచి పెద్ద చర్చి దాకా పది పదిహేను నిమిషాల నడక, పిన్నికి సుఖం. వెనిస్‌లో నాలుగు వందలకి పైగా వంతెనలు, చాలావాటికి మెట్లే. కానీ పాప పడవ అంది, మరదలు వెనిస్ అంది. నా ఇష్టం వాళ్ళ ప్లాన్‌లోకి దూరకూడదు. పిన్ని కోసం వాటర్‌బస్ రేవుకి దగ్గర్లో, వంతెన దాటక్కర్లేని హోటల్ వెతకమన్నాను. అక్కడ మ్యాప్ చూపించే నిమిషాలకన్నా మధ్యలో వంతెనలెన్నో లెక్కపెట్టుకోవడం ముఖ్యం. ఒక్కసారికి వాటర్‌బస్ టికెట్ 9.50 యూరోలు, కాబట్టి రోజుల పాసు తీసుకుంటే పాప ఎన్నిసార్లు ఎక్కుతానన్నా ఎక్కించొచ్చు. గొండోలా అనే తెడ్డు పడవ ఎక్కకపోయినా పాప పడవ కోరిక తీరుతుంది.

ఒక్క రాత్రి చాలదా వెనిస్‌కి అని వాడు బేరమాడాడు. 2024 నుంచి ఆ ఊరు, రద్దీగా ఉండే కొన్ని రోజుల్లో, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర ప్రవేశ రుసుం వసూలు చేస్తోంది. రాత్రి బస చేసేవాళ్ళకి అది లేదు. పగటి జనంతో ఆ ఊరు ఎంత విసిగిందో అర్థమవుతుంది. ఆ జనం వెళ్ళిపోయాక, వాళ్ళు రాకముందు ఉండే వెనిస్ చూడాలంటే కనీసం రెండు పూర్తి సాయంత్రాలు కావాలి.

ఫ్లోరెన్స్‌లో దిగి, స్టేషన్లో సామాను భద్రపరిచే చోట పెట్టెలు పెట్టి, నాలుగు గంటలు తిరిగి మళ్ళీ రైలెక్కితే ఎలా ఉంటుందని మరదలు అడిగింది. కుదురుతుంది. పెద్ద చర్చి బయటి నుంచి, ఆ మంటపం, పాత వంతెన, ఒక ఐస్‌క్రీము. ఉఫీజీ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దన్నాను. పిన్ని ఆ రోజు పొద్దున ఓపిక లేదంటే నేరుగా వెళ్ళిపోవాలి, అందుకు రైలు టికెట్ మార్చుకునే రకం కొనమన్నాను.

ఇంకొక చిన్న సంగతి, ఇది ఏ షీట్‌లోనూ ఉండదు. మొదటి రెండు మూడు రోజులు మనవాళ్ళకి తెల్లవారుజాము మూడున్నర, నాలుగుకే మెలకువ వచ్చేస్తుంది. పిన్ని లాంటివాళ్ళకి మరీను. ఆ మెలకువని తిట్టుకోకుండా వాడుకోవాలి. ఆరింటికి త్రేవీ ఫౌంటెన్ దగ్గరికి వెళ్తే ఇంకా చీకటే, దీపాలుంటాయి, నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది. పది గంటలకి అదే చోట మనుషుల భుజాలు తప్ప ఏమీ కనిపించవు. పొద్దున తిరిగి, మధ్యాహ్నం గదికొచ్చి పడుకుని, సాయంత్రం మళ్ళీ వెళ్ళడం. హోటళ్ళలో రాత్రి భోజనం ఏడు, ఏడున్నర దాటితే గానీ మొదలవదు, పాప అప్పటిదాకా ఆగదు. అందుకే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోమన్నాను. ఆవకాయ, పులిహోర పొడి పట్టుకెళ్ళొచ్చు. నెయ్యి మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకురానివ్వరు. పిన్నికి ఈ ఒక్క విషయం చెప్పడానికే వాడు భయపడుతున్నాడు.

మరి అందరూ ఎలా వెళ్ళొస్తున్నారు?

బస్సులో వెళ్ళొస్తున్నారు. పెట్టెలు ఎవరో ఎత్తుతారు, మన భోజనం దొరుకుతుంది, దారి తప్పే టెన్షన్ లేదు, భాష గొడవ లేదు. ఒంటరిగా రైళ్ళు మారలేని పెద్దవాళ్ళకి అది సరైన దారేనని నేను మనస్ఫూర్తిగా అంటాను. మా మామయ్య సొంతంగా వెళ్ళి ఉంటే టెర్మినీ స్టేషన్లోనే బెంగపెట్టుకునేవాడు. నా అభ్యంతరం ఎనిమిది రోజుల్లో ఐదారు దేశాలు అనే టూర్లతోనే. ఒక్క దేశం, మహా అయితే రెండు ఉన్న టూర్లు కూడా దొరుకుతాయి, అడగాలి.

డబ్బు కట్టేముందు కొన్ని అడిగి తెలుసుకోండి. హోటల్ ఊర్లో ఉందా, ఊరి బయట హైవే పక్కనా? పక్కనైతే సాయంత్రాలన్నీ ఆ గదిలోనే. బస్సులు రోమ్, ఫ్లోరెన్స్ పాత ఊరి మధ్యలోకి ఇష్టం వచ్చినట్టు రాలేవు, మరి దిగిన చోటి నుంచి ఎంత నడవాలి? కొలోసియం అని రాసినచోట లోపలికి టికెట్ ఉందా, బయట ఫొటో స్టాపా? "పనోరమిక్ టూర్" అంటే బస్సు దిగుతామా, కిటికీలోంచేనా? డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపాలని యూరప్ రూలు, ఆ ఆగడాలు కలిపే ప్రయాణం టైమ్ చెప్తున్నారా? ఏ రోజు ఎన్ని గంటలు బస్సులో, ఎన్ని గంటలు నేల మీద అన్నది రోజువారీగా కాగితం మీద రాసిమ్మని అడగండి. ఇవ్వలేమంటే వేరేవాళ్ళని చూసుకోండి.